ఒక్క ఫింజాన్ కోసం తిప్పిన బండి

1997 చలికాలం. మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఒక గ్యారేజీకి నేను ఫోర్‌మన్‌ని. మా యజమాని సాలెం ఒక మోటార్ హోమ్ కొన్నాడు. వంటగది, పడకలు, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే ఉండే బండి అది. రాస్ అల్ జిన్జ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన్ని సర్కారు కాపాడుతోంది. అది పిల్లలకు చూపించాలని అతని ముచ్చట. బండిని సిద్ధం చేయడం, దారి ఎంచడం, నడపడం నా డ్యూటీ.

ఇప్పుడు ఎవరిని దారి అడిగినా ఫోన్ తీసి మ్యాపులో నీలిగీత చూపిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. బడికి పోకుండా, బండ్ల మాన్యువళ్లు ముందేసుకుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆ గీతకు బండి బరువు తెలియదు, అందులో కూర్చున్నవాళ్ల మనసు అంతకన్నా తెలియదు.

సముద్రం పక్కనుంచి పోతే దగ్గర. కానీ ఖురయ్యాత్ దాటాక మట్టిదారి కొండ మీంచి నిటారుగా దిగుతుంది. మోటార్ హోమ్‌కు రియర్ ఓవర్‌హ్యాంగ్ ఎక్కువ, అంటే వెనక చక్రాలు దాటి తోక పొడుగు. వాలు తిరిగేచోట నేలకు గీరుకుంటుంది. అందుకే బిద్‌బిద్ దగ్గర కొండల సందు దాటి, ఇబ్రా మీదుగా, ఎడారి అంచున, తాబేళ్ల తీరానికి ముందుండే సూర్‌కు పోయే తారురోడ్డు ఖాయం చేశాను. సాలెం సరేనన్నాడు.

బయల్దేరే ముందు సాయంత్రం ట్యాంకులో నీళ్లు పడుతుంటే మస్తానమ్మ వచ్చింది. కడప మనిషి. సాలెం తల్లిని చూసుకునే పనిలో ఉండేది.

"అన్నా, ముసలామెకు తాబేళ్లెందుకు? ఇబ్రా దాటినాక కొండల్లో ఆమె పుట్టిన ఊరుందంట. పెండ్లయి వచ్చినాక మళ్లా పోనే లేదంట. ఆ దోవన తిప్పవా?"

"నాకెందుకు చెప్తున్నవ్ చెల్లె? కొడుకును అడగమను."

"అడగదన్నా. కాదంటాడని బయం."

మరునాడు బండి ఎక్కేముందు నేనే సాలెంను అడిగాను. వాదీ బనీ ఖాలిద్ మలుపు దగ్గర కొండల్లోకి మళ్లితే చిన్న గేరులో బండి ఎక్కుతుందని, పూచీ నాదని చెప్పాను. పొద్దు వాలేలోపు తీరం చేరాలని సాలెం చాలాసేపు గొణిగాడు. చివరికి మా అందరి గల్ఫ్ హిందీలో తేల్చేశాడు.

"ఏక్ ఫింజాన్, బస్. బాద్ మే యల్లా."

అంటే ఒక్క కప్పు కాఫీ, ఆ తర్వాత కదలాల్సిందే.

కొండెక్కి ఆ ఊరు చేరాం. ఖర్జూరపు చెట్ల నీడలో చాప పరిచారు. ముసలామె తమ్ముడు, పళ్లు లేని పెద్దాయన, కూజాతో కాఫీ పోశాడు. ఫింజాన్ అంటే పిడి లేని బుల్లి కప్పు. అక్కడ చాలు అని నోటితో అనరు, కప్పును రెండుసార్లు ఊపి తిరిగి ఇస్తారు. ఊపనంతసేపు పోస్తూనే ఉండటం ఇంటివాళ్ల మర్యాద.

ఆమె తాగి కప్పు చాచింది. ఊపలేదు. ఆయన పోశాడు. మళ్లీ చాచింది. పిల్లలు తాబేళ్లంటూ గోల చేస్తున్నారు. సాలెం గడియారం చూసుకుంటున్నాడు. ఆమె కొడుకు మాట జవదాటలేదు, చేతిలో ఉన్నది ఒక్క ఫింజానే. కానీ కొండవైపు, చెట్లవైపు, తమ్ముడి ముఖంవైపు చూస్తూ దాన్ని అలాగే చాచి ఉంచింది.

మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

సాలెం లేచాడు. ఇక యల్లా అంటాడనుకుని నేను జేబులోంచి బండి తాళాలు తీశాను. అతను మామ చేతిలోంచి కూజా తీసుకుని తల్లి కప్పులో తానే పోశాడు. నావైపు చూడకుండా, బండి నీడలో పెట్టమన్నాడు. తాబేళ్ల దగ్గరికి మరునాడు పోయాం.

ఆ తర్వాత దారి అడగవచ్చిన ప్రతివాణ్ణీ, మధ్యలో ఎవరి ఊరైనా ఉందా అని అడిగి గానీ పటం విప్పలేదు. వాళ్లు నవ్వేవాళ్లు, నవ్వనీ. మా ఊళ్లో సెలవు అయిపోయి నేను మస్కట్‌కు తిరిగిపోయే ప్రతి పొద్దునా మా అక్క చాయ్ ఇచ్చేది. బయట ఆటో హారన్ కొడుతుండేది.

"చల్లారిపాయె గదరా, ఇంకెంతసేపు తాగుతవ్?" అనేది.

గ్లాసు కింద పెట్టేవాణ్ణి కాదు.