దుమ్మును కొలిచే పని

మా మేనమామ ఆళ్లగడ్డలో శిల్పి. నాయన పోయాక నన్ను ఆయనే చదివించాడు. రాయి కోసే మిషను దుమ్ము ఇల్లంతా తెల్లగా పేరుకుంటే రోజూ నేనే తుడిచేదాన్ని. నిరుడు మామకు దగ్గు ముదిరిందని తెలిసి బెంగళూరు నుంచి వచ్చి, ఆయన్ను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే తీసి మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

"ఇంతకీ ఆడ నువ్వు చేసే పనేంది పాపా?" అని అడిగాడు మామ.

"కొత్తగా పుట్టిన నక్షత్రాల చుట్టూ దుమ్ము ఉంటాది మామా. నాలుగు పెద్ద టెలిస్కోపుల్లో పడిన పరారుణ కాంతిని ఒకటిగా కలిపితే, నక్షత్రానికి దగ్గర్లో కాగే దుమ్ము యాడుందో తెలుస్తాది. అది కొలుస్తాండా."

"అంత దూరాన దుమ్ము గూడా కనపడతాదా?"

"కనపడతాది."

మామ ఆ మాట పక్కనున్నాయనకు కూడా చెప్పాడు.

లోపలికి పిలిచి, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము గట్టిపడిందని, అది ఇక పోదని చెప్పాడు డాక్టరు. ఇన్నేళ్లు ముక్కుకు గుడ్డయినా లేకుండా ఎట్లా పని చేయనిచ్చారని నన్ను అడిగాడు.

"దానికేం తెలుసు సార్, చిన్నపిల్ల," అన్నాడు మామ.

నాకప్పటికి ముప్పై ఒకటి.

దసరా రాకముందే ఆయన పోయాడు. ఆ నక్షత్రాల దుమ్ము కొలతల్లో నా వంతు లెక్కలు తోటివాళ్లే పూర్తిచేసి పంపారు. వాటిని తెరవడానికి నాకు చాలా రోజులు చేతులు రాలేదు.