బొటనవేలు ఇవతలకి

దయ్యాలంటే నాకు నవ్వు. చిన్నప్పుడు మా దివిసీమలో కాలవగట్టు మీద తెల్లగా ఏది కనబడినా దయ్యమనేవాళ్ళు. నేను దగ్గరికి వెళ్ళి అది కొంగనో, ఎవరో ఆరేసిన పంచెనో చూపించి పెద్దవాళ్ళ చేత తిట్లు తినేవాణ్ణి. పైగా మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారుగాని ఇంజను షెడ్డులో ఉండరని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. అయినా ఆ మధ్యాహ్నం జరిగింది మాత్రం నాకు మింగుడుపడలేదు.

అరవైల మొదట్లో సంగతి. మావి అవనిగడ్డ దిగువన, కాలవ చిట్టచివరి పొలాలు. పై ఊళ్ళన్నీ తడిశాక మిగిలితే మాకు నీళ్ళు. అందుకే మా మేనమామ యేసురత్నం ఒక ఆయిల్ ఇంజను కొని, పొలాల మురుగు పారే కోడులోంచి నీళ్ళు తోడేవాడు. ఆయనకి పిల్లల్లేరు. విషజ్వరం వచ్చి ఆయన పోయాక ఆ ఇంజనూ, దాని కింద సాగయ్యే పొలమూ నాకే వచ్చాయి.

మావయ్య మాట తక్కువ మనిషి. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు దాని చుట్టూ వెయ్యకూడదని ఆయన చాదస్తం. మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి. బొటనవేలు చుట్టి ఉంటే జారదు, చెయ్యి విరుగుతుంది. నేను మరిచిపోయినప్పుడల్లా ఆయన వచ్చి, నా బొటనవేలిని రెండు వేళ్ళతో పట్టి లేపి, ఇటుపక్కన పెట్టేవాడు. “ఇవతలకి,” అనేవాడు. అంతే.

ఇంకో అలవాటు కూడా ఉంది. చేతులు తుడుచుకున్న మసిగుడ్డని నాలుగు మడతలు పెట్టి డీజిల్ ట్యాంకు మీద పెట్టేవాడు. మా అత్తయ్య పట్టుచీర కూడా అంత పొందిగ్గా మడిచేది కాదు.

మావయ్య పోయిన ఏడే, చేను పొట్ట మీదుండగా కాలవ ఎండింది. అదే సమయానికి ఇంజను లోపల గరగరమంది. మూత విప్పి చూస్తే, కవాటాలు ఏ క్షణంలో తెరుచుకోవాలో, డీజిల్ ఏ క్షణంలో పడాలో నడిపించే పెద్ద పళ్ళ చక్రం అరిగిపోయింది. గుడివాడ మెకానిక్కు ఇప్పట్లో రాలేనన్నాడు. ఈలోగా చేను ఎండి గడ్డి అయిపోతుంది. ఆ చేను మీదే మా ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి. ‘వాడు రాకపోతే ఇంజను మానేస్తుందా, నేను లేనా!’ అని బందరు వెళ్ళి కొత్త చక్రం తెచ్చి నేనే బిగించాను.

పెద్ద చక్రం మీద గుర్తుని, దాన్ని తిప్పే చిన్న చక్రం మీద గుర్తుకి ఎదురుగా పెట్టి బిగించాలి. ఆ మాత్రం నాకు తెలుసు. చిన్న చక్రం పంటి మీద ఎర్రరంగు చుక్క కనిపించింది. మావయ్యే పెట్టుకుని ఉంటాడనుకుని దానికే కలిపాను.

మధ్యాహ్నం హ్యాండిల్ తగిలించి తిప్పాను. ఇంజను కిక్కురుమనలేదు. డీజిల్ చూశాను, గొట్టంలో గాలి వదిలాను, కవాటాలు చూశాను. మళ్ళీ తిప్పాను. చెమటకి చెయ్యి జారిపోతోంది. మావయ్య మాట తెలిసి కూడా మొండికేసి బొటనవేలు చుట్టూ వేసి పట్టుకున్నాను.

వేగం అందుకునేసరికి బొటనవేలు లేచి ఇవతలకి వచ్చేసింది. నేను లేపలేదు. తిమ్మిరి అనుకున్నాను. మళ్ళీ చుట్టాను. మళ్ళీ అంతే. ఈసారి వేలికి రెండువైపులా వెచ్చగా ఒత్తిడి తెలిసింది. ఒళ్ళు జలదరించింది. దాంతోపాటు కోపమూ వచ్చింది. అవతల చేను ఎండుతోంటే ఈ సరసమేమిటి!

అన్నం తెచ్చిన నా భార్య సలోమిని పిలిచి, మసిగుడ్డతో నా చెయ్యిని, బొటనవేలితో సహా, హ్యాండిల్‌కి కట్టెయ్యమన్నాను.

“ఇదేం పనండీ, చెయ్యి పోగొట్టుకుంటారా?” అంది.

“చేను పోయాక చెయ్యెందుకే? కట్టు!”

ఆమె గొణుక్కుంటూ గట్టి ముడే వేసి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. నేను బలమంతా పెట్టి తిప్పి, వేగం అందాక ఎడమచేత్తో కవాటం మూసే లివరు పడేశాను. ఇంజను ఒక్కసారి ధన్‌మని వెనక్కి తన్నింది. హ్యాండిల్ ఊడి ఎగిరి, తాటాకు దడిని చీల్చుకుని బయట పడింది.

నేను చెయ్యి చూసుకున్నాను. గీత కూడా పడలేదు. గుడ్డ లేదు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంది.

గుడ్డ డీజిల్ ట్యాంకు మీద ఉంది, నాలుగు మడతలతో.

“నువ్వు విప్పావా?” అన్నాను.

“నేను గుమ్మం దాటి రాలేదండీ. మీరు తిప్పుతుంటే వట్టి చేతులే కనబడ్డాయి. మీరే విప్పుకున్నారనుకున్నాను,” అంది.

చప్పుడు విని పక్క పొలం సుబ్బయ్య బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. మా ఇంజను నీళ్ళే ఆయనకీ. ఇంజను వెనక్కి తన్నిందంటే డీజిల్ ముందే పడుతోందన్నమాట, చక్రాలు తప్పుగా కలిశాయన్నమాట. మూత మళ్ళీ విప్పి ఎర్రచుక్క చూపించాను. ఆయన నాలిక కరుచుకున్నాడు.

“ఓరి నాయనోయ్! అది గుర్తు కాదబ్బాయ్, బొట్టు! కిందటి దసరాకి మీ మావయ్య ఇంజను విప్పి ఉంటే చక్రాలన్నిటికీ పెట్టాను. నూనెలో కుంకుమ నిలవదని బండికి వేసిన రంగు పెట్టాను.”

“మావయ్య ఊరుకున్నాడా?”

“నీ పూజ నీది, నా ప్రార్థన నాది, నీళ్ళు ఇద్దరివీ అన్నాడు.”

జిడ్డు తుడిస్తే అసలు గుర్తు, చిన్న సుత్తిపోటు, కొన్ని పళ్ళు అవతల బయటపడింది. దానికి కలిపి బిగించి, హ్యాండిల్ వంపు సరిచేసి మళ్ళీ తగిలించాను. తిప్పేముందు నాకు తెలియకుండానే, “ఇవతలే ఉంది మావయ్యా,” అన్నాను పైకే. ఎగతాళి చేస్తారేమోనని సలోమి వంకా బాబాయ్ వంకా చూశాను. ఎవరూ నవ్వలేదు.

ఇంజను అందుకుంది. కోడు నీళ్ళు బోదెలోకి దూకాయి. బాబాయ్ పారతో పరిగెత్తాడు. ఆ ఏడు మా ఇంట్లో అన్నానికి లోటు రాలేదు.

తర్వాత మా పాస్టరు గారికి చెబితే, దేవదూత కాపాడిందన్నారు. ఆయన మాట కాదనలేదు. దేవదూత ముడి విప్పగలదు, ఒప్పుకుంటాను. కాని చావుబతుకుల మధ్య మసిగుడ్డని నాలుగు మడతలు పెట్టే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకు తెలిసి ఆ ఓపిక ఉన్న మనిషి ఒక్కడే. ఆయన్ని అంతకు ముందే నా చేతులతో మట్టి చేశాను.