సీసాలు పట్టుకున్న చెయ్యి

పొద్దున్నే ఫోను తెరిస్తే, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో బావ తన పాత ఫొటో ఒకటి పెట్టి ఉన్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు. ఒంటికి అతుక్కుపోయిన ఎర్ర జెర్సీ, నెత్తిన హెల్మెట్టు, భుజం మీద సైకిలు, వెనకాల చాంపియన్ రీఫ్స్ సయనైడ్ దిబ్బ. కింద ఒక వాక్యం: "ఆ రోజుల్లో మన ఊళ్ళో సైక్లోక్రాస్ నేర్పించింది నేనే." అప్పటికే సగంమంది చుట్టాలు దండాల బొమ్మలు పెట్టేశారు. నేను ఫొటోను రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. ఎడమ అంచున, ఫొటో తెగిపోయిన చోట, ఒక ఆడమనిషి చెయ్యి మోచేతి దాకా కనబడుతోంది. ఆ చేతిలో రెండు నీళ్ళ సీసాలు ఉన్నాయి. ఆ చెయ్యి నాది. ఆకుపచ్చ మట్టి గాజులు కూడా గుర్తుపట్టాను. ఈలోగా కాఫీ చల్లారింది గాని నేను చల్లారలేదు.

కొత్తవాళ్ళకు ముందు దిబ్బ సంగతి చెప్పాలి. బంగారు గనులు మూసేశాక మా ఊళ్ళో పనికొచ్చేవాటిని ఎవరికి దొరికింది వాళ్ళు ఎత్తుకుపోయారు, దిబ్బల్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. సయనైడ్ నీళ్ళతో బంగారం తీసేసుకుని పారబోసిన రాతిపొడి అది, మా తాతల కాలం నుంచీ పోసిపోసి కొండలైంది. ఎండాకాలంలో పైన అప్పడంలా ఒక పెచ్చు కడుతుంది, దాని కింద అంతా మెత్తటి పొడి. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గాలికి ఆ పొడి లేచి మా గని కూలీల లైన్ ఇళ్ళలోకి వచ్చేది, పిడత మూత తీస్తే చాలు, అన్నంలో పడేది. వాన పడితే దాని వరస వేరు, ఆ సంగతి తరువాత చెబుతాను. మా నాన్న ఆ రాతిని భూమి కింద కొట్టినవాడు. గని మూసేసినా గని దుమ్ము ఆయన ఊపిరితిత్తులను వదల్లేదు. మంచం మీద కూర్చుని, రెండు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దగ్గుకూ దగ్గుకూ మధ్య నాతో నవ్వుతూ మాట్లాడేవాడు. అట్లాగే దగ్గుతూ పోయాడు. బావ వాళ్ళ నాన్న గని ఆఫీసులో గుమాస్తా. వాళ్ళు మూసివేత తరువాత బెంగళూరు వెళ్ళి స్థిరపడ్డారు, బావకు పెద్ద ఉద్యోగం వచ్చింది, దాని వెంట చిన్న బొజ్జ కూడా వచ్చింది.

ఆ బొజ్జే ఆయన్ని సైక్లోక్రాస్‌లోకి తెచ్చింది. బురదలో, ఇసుకలో, అడ్డంగా పెట్టిన పలకల మీదుగా సాగే సైకిలు పందెం అది. తొక్కగలిగినంత దూరం తొక్కాలి, తొక్కలేని చోట పరుగులోనే దిగి, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తి, మళ్ళీ పరుగులోనే ఎక్కాలి. బెంగళూరులో అంత మంచి ఇసుక యాడ దొరుకుతుంది? అందుకని ఆదివారమాదివారం కారు నెత్తిన సైకిలు కట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నేనప్పుడు మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, చాంపియన్ స్టేషను దాకా లావు టైర్ల సైకిలు మీద వెళ్ళి రైలెక్కేదాన్ని. గేటు పడితే సైకిలు భుజాన వేసుకుని పట్టాలు దాటడం మా ఊళ్ళో ఆడా మగా అందరికీ అలవాటు. దానికి కూడా పందేలుంటాయని బావ చెప్పేదాకా నాకు తెలియదు.

ఇచ్చిపుచ్చుకున్నామనే చెప్పాలి, అబద్ధమెందుకు. కుడికాలు వెనకనుంచి తిప్పి ఎడమ పెడలు మీద నిలబడి జారుతూ దిగడం, చైను ఒంటికి తగలకుండా సైకిలును కుడి భుజాన వేసుకోవడం, ఎక్కేటప్పుడు సీటు మీదికి ఎగిరి కూలబడకుండా ముందు తొడను జార్చడం, ఇవన్నీ ఆయనే చెప్పాడు. చెప్పడం బాగా చెప్పేవాడు, చేసేటప్పుడు మాత్రం తన ఖరీదైన సైకిలును పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. పెచ్చు మీద తొక్కడం నేను ఆయనకు నేర్పించాను. బ్రేకు పట్టుకుంటే పెచ్చు విరుగుతుంది, హ్యాండిలు గట్టిగా తిప్పితే విరుగుతుంది, భయపడి ఆగితే ఇక అంతే సంగతులు. మొదటి నెలంతా ఆయన దిబ్బకు సాష్టాంగ నమస్కారాలే చేశాడు. తరువాత ఎక్కడం వచ్చింది. రాబోయే పందెంలో నా పేరు కూడా బెంగళూరులో తన సైకిలు క్లబ్బులో రాయిస్తానని మాటిచ్చాడు. నేను పొద్దున రైలుకు ముందు, సాయంత్రం రైలు దిగాక, మూతపడ్డ గని షాఫ్టు మీది పెద్ద చక్రాల కింది మైదానంలో ఒక్కదాన్నే దిగడం, ఎక్కడం సాధన చేసేదాన్ని. ఒక ఆదివారం చివరి ఎత్తు మీద బావను దాటేశాను. ఆ రోజు ఆయన మా ఇంట్లో భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ తరువాత కొన్నాళ్ళకు క్లబ్బు పెద్దాయన పందానికి చోటు చూసుకోవడానికి వచ్చాడు. నేను ఎత్తు ఎక్కి దిగడం చూశాడు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు. ఈమె ఎవరు, పందెంలో ఉందా అని అడిగాడు. బావ తన సీసాలు రెండూ నా చేతిలో పెట్టి, ఫొటో కోసం సైకిలు భుజాన వేసుకుంటూ చెప్పాడు.

"మా మామ కూతురు సార్. పందానికి పనికిరాదు. వాళ్ళ నాయన గని దుమ్ముతోనే పోయినాడు, ఈమెకీ ఊపిరి అంతంత మాత్రమే. సీసాలు పట్టుకునేదానికి వస్తాది, అంతే."

వాళ్ళ నాయన అన్నాడు. మా నాన్న ఆయనకు ఎవరో పరాయివాడైనట్టు. సొంత మేనమామ, చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పినవాడు. పెద్దాయన జాలిగా నావైపు చూసి, జాగ్రత్తమ్మా అన్నాడు. నోరు తెరిస్తే ఎక్కడ దగ్గు వస్తుందో అని భయమేసింది, నిజంగానే ఆ నిమిషంలో గొంతులో దుమ్ము ఉన్నట్టే ఉంది. ఆ ఫొటో తీసింది అప్పుడే. వాళ్ళు వెళ్ళాక అడిగితే, "నీ మంచికే చెప్పినానమ్మే, రేపు నీకేమన్నా అయితే మాయమ్మ నన్ను బతకనిస్తాదా" అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం అంటారే, ఆ రకం. నన్ను అంటే పోనీలే అని ఊరుకునేదాన్నేమో. చచ్చిపోయిన మా నాన్న ఊపిరిని తెచ్చి నా కాళ్ళకు అడ్డం వేశాడు. ఆ రాత్రి నాన్న ఖాళీ మంచం పక్కన కూర్చుని ఒక మొక్కు మొక్కుకున్నాను. అది దేవుడు మెచ్చే మొక్కు కాదు.

మొక్కంటే గుర్తొచ్చింది, మా మేనత్తకు మోకాళ్ళ నొప్పులు. చాంపియన్ రీఫ్స్ మాత గుడికి, అంటే చర్చికి, తొమ్మిది శనివారాలు వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని ఆవిడ మొక్కుకుంది, తీరా చూస్తే ఆ మోకాళ్ళతో రైలే ఎక్కలేకపోయింది. మా కుటుంబంలో ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చడం రివాజే. పెద్దవాళ్ళు మొక్కుతారు, కాళ్ళున్నవాళ్ళు తీరుస్తారు. ఆ లెక్కన కోడలిని పంపింది. కోడలంటే బావ భార్య, నేను అక్క అని పిలుస్తాను. మాస్తి ఊరి పక్క రైతుల బిడ్డ. నెమ్మది మనిషి, బావ మాట్లాడుతుంటే పక్కన గోడలా ఉంటుంది. మొదటి శనివారం కొవ్వొత్తి వెలిగించి బయటికి వచ్చి, గోడకు ఆనించిన నా సైకిలు వైపు చాలాసేపు చూసింది. "ఒక చుట్టు తొక్కేదా అమ్మణ్ణీ?" అంది. చుడీదారు చున్నీ నడుముకు బిగించి ఎక్కి, గుడి చుట్టూ గాలిలా తిరిగి వచ్చింది. పెళ్ళికి ముందు రోజూ తెల్లారేసరికి రెండు పాల క్యాన్లు కట్టుకుని గతుకుల దారిలో డెయిరీకి తొక్కేదట. "మీ బావ ఆయన సైకిలు తుడిచేదానికే ఇస్తాడు, తొక్కేదానికి ఇయ్యడు" అంది.

అప్పుడు చెప్పాను, దిబ్బ దగ్గర బావ అన్న మాటలన్నీ, మా నాన్న సంగతీ, నా మొక్కు సంగతీ కూడా. అక్క విని, చున్నీ విప్పి తల మీద కప్పుకుని, గుడి వైపు ఒకసారి చూసింది.

"మాయత్త మొక్కు నేనే గదా తీరస్తా ఉండాను. నీ మొక్కూ నేనే తీరస్తాలే. ఇంగ నేర్పించు."

అట్లా మొదలైంది. శనివారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. అక్క పొద్దున రైలుకు వచ్చేది, మాతకు కొవ్వొత్తి వెలిగించేది, తరువాత ఇద్దరం మైదానానికి వెళ్ళేవాళ్ళం. బావ నాకు నేర్పిందంతా ఆమెకు నేర్పించాను, బావకు రానిది కూడా నేర్పించాను. మొదట్లో దిగేటప్పుడు కుడికాలు సీటుకు తగిలి పడేది. పడి లేచి, మోచెయ్యి తుడుచుకుని, "మా పాల యెనుము ఇంతకన్నా గట్టిగా తన్నేది" అనేది. భుజాన వేసుకోవడం చెప్పనక్కరలేకపోయింది, మొయ్యడం తెలిసిన భుజం అది. కొన్ని శనివారాలు వాన పడింది. అప్పుడు నేర్పించాను అసలు పాఠం. వాన పడితే దిబ్బ పొడి కిందికి కొట్టుకొచ్చి పల్లంలో చేరి దోసెపిండిలా అవుతుంది. చూడటానికి నున్నగా, తొక్కేయొచ్చు అన్నట్టు ఉంటుంది. చక్రం పెట్టామా, పిండి టైరుకూ ఫ్రేముకూ మధ్య కూరుకుని చక్రం తిరగదు. "బురదలోకి పోయినాక దిగేది కాదక్కా, ఇంకా బాగుండాది అనుకునేటప్పుడే దిగాల" అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే రైల్లో తిరిగి వెళ్ళేవాళ్ళం. నేను మాలూరులో దిగిపోయేదాన్ని, ఆమె మోచేతి గాయాలు చున్నీ కింద దాచుకుని బెంగళూరు వెళ్ళేది. విచిత్రమేమిటంటే అక్కడ మేనత్త మోకాళ్ళు నిజంగానే వారం వారం నయమవుతూ వచ్చాయి. బావ పొంగిపోయి, ఒక్క శనివారం కూడా తప్పకుండా వెళ్ళమని భార్యను తానే స్టేషనులో దింపేవాడు.

తొమ్మిదో శనివారం నేను షిఫ్టుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, సాయంత్రం పెద్ద వాన. మర్నాడే పందెం. బావ ఆ సాయంత్రమే వచ్చి మా ఇంట్లో దిగాడు. దిబ్బ ఎండలో ఎట్లా ఉంటుందో నేను నేర్పించాను గాని, వానలో ఎప్పుడూ ఆయన రాలేదు, జెర్సీ పాడవుతుందని. గడపలో నిలబడి వాన వైపు చూసి, నన్ను అడిగాడు.

"ఏమ్మే, వాన పడితే ఆ పల్లం ఎట్లుంటాది? తొక్కేదానికి అవుతాదా?"

ఈ ప్రశ్న కోసం నేను ఎన్ని ఆదివారాలు కాచుకుని కూర్చున్నానో ఆ మాతకే తెలియాలి. చేట పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పాను.

"నాకేం తెలుస్తాది బావా. నేను సీసాలు పట్టుకునేదాన్ని."

పొద్దున వాన వెలిసింది. మనుషులు తక్కువని నలభై దాటిన మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ కలిపి వదిలారు. పొద్దున రైలుకు వచ్చి, అక్కడికక్కడే పేరు రాయించుకుని, గీత దగ్గర నా సైకిలు పట్టుకుని నిలబడిన భార్యను చూసి బావ మొహం పాలిపోయింది. "నువ్వు యాడికి వచ్చినావు?" అన్నాడు. "మొక్కు తీర్చేదానికి" అంది అక్క. అంతలో ఈల ఊదారు.

నేను పల్లం పక్కన రాయి మీద నిలబడ్డాను, రెండు చేతుల్లో రెండు సీసాలతో. ఆయనే ఇచ్చాడు పట్టుకోమని. మొదట బావ వచ్చాడు, జెర్సీ మెరుస్తూ, బొజ్జ లోపలికి పట్టుకుని. పల్లం నున్నగా కనిపించింది. దిగలేదు, నేరుగా తొక్కాడు. సగం దూరంలో చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. దిగి, సైకిలును భుజానికి ఎత్తబోయాడు, కాని పిండి పట్టి అది రోలంత బరువైంది. పుల్ల ఒకటి విరిచి గోకడం మొదలుపెట్టాడు. గోకినకొద్దీ వస్తోంది. తలెత్తి నావైపు చెయ్యి చాచాడు. "సీసా ఇయ్యమ్మే, కడగాల." అప్పుడే అక్క వచ్చింది. పల్లం ఇంకా దూరంగా ఉండగానే జారుతూ దిగి, సైకిలు భుజాన వేసుకుని, అంచున రాళ్ళ మీద చిన్న చిన్న అడుగులతో మొగుడి పక్కనుంచి పరుగెత్తింది. ఆయన వైపు చూడను కూడా చూడలేదు. గట్టి నేల తగలగానే తొడ జార్చి ఎక్కి వెళ్ళిపోయింది. నేను సీసా మూత తీశాను. బావ చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆ నీళ్ళు నేనే తాగాను. గుండెల నిండా ఊపిరి తీసుకుని, నిదానంగా వదిలి, మళ్ళీ తాగాను, చుక్క మిగలకుండా. నా ఊపిరి ఎంత మాత్రమో ఆయన కళ్ళారా చూడాలని. ఎవరైనా తప్పంటే అననీ. ఆ నీళ్ళంత తియ్యటివి నేను మళ్ళీ తాగలేదు.

అక్క మొదటి స్థానంలో రాలేదు. కాని బావకన్నా చాలా ముందు వచ్చింది, నాకు అదే మొదటి స్థానం. క్లబ్బు పెద్దాయన ఆమెను మెచ్చుకుని, ఎవరు నేర్పించారమ్మా అని అడిగాడు. అక్క బురద చెయ్యి చాచి నన్ను చూపించింది. "ఆ సీసాలు పట్టుకోనుండాది చూడండి, ఆయమ్మ." పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు, ఒక్క క్షణం తల దించుకున్నాడు కూడా. మరుసటి పందెంలో నా పేరు ఉంది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ మైదానంలో ఆడవాళ్ళకు దిగడం, ఎక్కడం నేర్పిస్తున్నాను, మోకాళ్ళు నయమైన మేనత్త మాతకు ఏటేటా కొవ్వొత్తి పంపుతూనే ఉంది. బావ ఆ పందెం తరువాత సైకిలు అమ్మేశాడు. నాతో మాత్రం మాట్లాడతాడు, పండగలకు వస్తాడు, నేను వడ్డిస్తాను, తింటాడు. పైకి అంతా బాగానే ఉంటుంది.

ఇది రాస్తుండగానే ఫోను మోగింది. బంధువుల గ్రూపులో ఆ ఫొటో కింద అక్క ఒక వాక్యం రాసింది: "ఎడమ పక్కన సీసాలు పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిదండీ?" బావ ఏదో టైపు చేస్తున్నట్టు కనబడింది, అంతలో ఆగిపోయింది. నేను కొత్త కాఫీ కలుపుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నాకేం తొందర లేదు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మా దిబ్బ పక్కన పుట్టినవాళ్ళకు తెలుసు, కాలం పైన పెచ్చును మాత్రమే గట్టిపరుస్తుంది, కింద పొడి పోసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది.