పేరు చెప్పని ఆకు

మాలకొండమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా వారానికి రెండుసార్లు ఊరి వెనక గుట్ట ఎక్కక తప్పదు. కామెర్ల మందుకు ఆకు ఆమే తేవాలి. ఇంకొకరిని పంపుదామంటే ఫలానా ఆకు అని చెప్పాలి. పేరు పైకి చెబితే మందు పనిచేయదని మామగారు చేతిలో చెయ్యి వేయించుకుని మరీ నేర్పాడు. నలభై ఏళ్ళుగా ఆ మాట నిలబెట్టుకుంది. ఆకు నూరి, ఉండ చేసి, మజ్జిగతో మింగించి పంపుతుంది. పైసా పుచ్చుకోదు. మా పుల్లలచెరువు వైపు కళ్ళు పచ్చబడిన ప్రతివాడూ మొదట ఆమె అరుగు మీదే తేలతాడు. ఆమెకు ఇదంతా ఎప్పుడో విసుగెత్తింది. మానేస్తానంటే ఊరు ఊరుకోదు.

పోయినేడు వానాకాలంలో ఏబేలు కామెర్లతో చనిపోయాడు. పక్క వీధిలో కూలి పని చేసుకునే మనిషి. మూడు వారాలు ఆమె మందే మింగాడు. భార్య భాగ్యమ్మ ఆస్పత్రికి తీసుకుపోతానంటే, రెండు వైద్యాలు కలిస్తే మందు చెడుతుందని ఆపింది కూడా మాలకొండమ్మే. అతను మందు మింగుతున్న రోజుల్లోనే ఒకసారి గుట్ట మీద మాలకొండమ్మ ఆకు కోస్తుంటే వెనక భాగ్యమ్మ కనిపించింది. ఏబేలు పోయాక మాలకొండమ్మ నలుగురిలో అనేసింది: "నా ఎనకాలే వచ్చి చూసి, ఎవురికో పేరు చెప్పింటది. అందుకే మందు పనిచెయ్యలా."

ఊరు నమ్మింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని మొగుణ్ణి చంపుకున్న మనిషిగా చేసింది. ఆ ఏడు మిరప కోతలకు కూడా భాగ్యమ్మను ఎవరూ పిలవలేదు. మా ఊరి తెలివికి దండం పెట్టాలి.

ఈ ఏడు వానలు పడ్డాక మార్కాపురం నుంచి వెన్నెల అనే అమ్మాయి వచ్చింది. పల్లెల్లో వాడే మందు మొక్కల మీద పరిశోధన చేస్తోంది. కామెర్ల ఆకు చూపించమంటే మాలకొండమ్మ ఆమె చేతిలో కూడా నూరిన ఉండనే పెట్టింది.

"ఉండతో నేనేం చేసేది అవ్వా? వేరు, ఆకు, కాయ అన్నీ ఉన్న మొక్క కావాల. కాగితాల మధ్య అణిచిపెట్టి అదేందో తేల్చాల."

"పేరు మాత్రం అడగొద్దు పాపా."

"అడగను. చూపించు, చాలు."

గుట్ట మీద మాలకొండమ్మ వంగలేక వంగి ఒడి నిండా మొక్కలు పీకింది. వెన్నెల బండ మీద పాత పేపర్లు పరిచి ఒక్కొక్కటే సర్దుతూ, "ఇది నేల ఉసిరి కదవ్వా. పుస్తకాల్లోకి ఎప్పుడో ఎక్కింది" అంది. నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం అది. ముసలావిడకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. బండ మీద చతికిలబడింది.

అంతలో వెన్నెల చెయ్యి ఆగింది. భూతద్దం తీసి చూసింది.

"అవ్వా, ఇందులో రెండు రకాలు కలిసినాయి. దీని కాయ నున్నగా ఉంది, సన్న కాడకు వేలాడతాంది. దీని కాయ గరుకు, కొమ్మకే అంటుకొని ఉంది. ఇది వేరే మొక్క. నీ ఒళ్ళో సగానికి పైగా ఇదే."

"నాకు రెండూ ఒకటే మాదిరి కనపడతాండాయి."

"కండ్లకు పొర వచ్చినట్టుంది. ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు" అంది మాలకొండమ్మ. ఒళ్ళో మొక్కల్ని వేళ్ళతో తడుముతూ, "అయితే ఏబేలుకు నేనేం పెట్టినట్టు?" అంది.

సంగతంతా విన్నాక వెన్నెల మెల్లగా చెప్పింది. "సరైన ఆకు పెట్టినా బతికేవాడని నేను చెప్పలేనవ్వా. ముందు ఆస్పత్రికి పోవాల్సింది."

గుట్ట దిగి మాలకొండమ్మ ఇంటికి పోలేదు. రెండు మొక్కలూ పట్టుకుని భాగ్యమ్మ వాకిట్లోకి వెళ్ళింది. భాగ్యమ్మ కూర్చోమనలేదు.

"ఇది నేల ఉసిరి భాగ్యమ్మా." ఆ పేరు ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. "ఈ రెండోది ఏందో నాకు తెలవదు. ఏబేలుకు ఇదే పెట్టినానేమో. ఆస్పత్రికి పోనీకుండా ఆపింది కూడా నేనే. నువ్వు ఎవురికీ ఏమీ చెప్పలా. తప్పు నాది."

"నువ్వేం కోస్తాండావో కూడా నేను చూళ్ళేదక్కా. కట్టెల మోపు తలకెత్తేవాళ్ళు లేక, నిన్ను పిలుద్దామని వచ్చినా, అంతే."

భాగ్యమ్మే మళ్ళీ అంది.

"నేను చెప్పలేదని నాకు తెలుసు గదక్కా. నాకెందుకు చెప్తావు? పోయి ఊరికి చెప్పు."

మాలకొండమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ, ఆ రెండు మొక్కలతోనే వీధిలోకి నడిచింది.