కాగితం దేవిడీ

నా చిన్నప్పుడు మా ఉప్పల్ బడిలో ఒక దిక్కుమాలిన ఆనవాయితీ ఉండేది. ఎగ్జిబిషన్‌కు పెట్టే నమూనాలన్నీ ఇళ్ళలో పెద్దవాళ్ళే చేసేవారు. ఎవరడిగినా "నేనే చేశాను" అనాలని మా టీచర్లే నేర్పేవారు. నిజం చెబితే ప్రైజు పోతుంది.

ఏడో తరగతిలో నా వంతుకు పాతబస్తీలోని ఒక నవాబుల దేవిడీ, అంటే వాళ్ళ పాత భవంతి, నమూనా చేయమని వచ్చింది. మా చిన్నాయన నాచారంలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. కంప్యూటర్లు వచ్చాక చేత్తో గీసేవాళ్ళతో పని లేదని ఇంటికి పంపేశారు. ఆరు నెలలుగా ఖాళీగా కూర్చుని, మా చిన్నమ్మ ముందు తలెత్తలేక నలిగిపోతున్నాడు. నా దేవిడీ సంగతి వినగానే లేచాడు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి గోడగోడా టేపుతో కొలిచాడు. అడుగుకు పావు అంగుళం లెక్కన డ్రాయింగ్ షీట్ల మీద గీశాడు. మడత పెట్టాల్సిన ప్రతిచోటా సిరా అయిపోయిన పెన్నుతో ముందు గీత లాగేవాడు, అప్పుడే మూల సరిగ్గా నిలుస్తుందట. బ్లేడుతో కమానులు కోస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. నేను చేసిందల్లా మెట్లకు జిగురు పూయడం, అదీ వంకరగా.

ఎగ్జిబిషన్‌కు అతిథిగా అపార్ట్‌మెంట్లు కట్టే ఒక బిల్డరు వచ్చాడు. అన్నీ దాటుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగిపోయాడు.

"ఎవరు జేసిన్రమ్మా ఇది?"

"నేనే సార్, ఒక్కదాన్నే."

"అరె! పెద్దోళ్ళెవరన్నా జేసిన్రేమో, మా ఆఫీసుల పనికి పెట్టుకుందామనుకున్న. గిట్లాంటి చెయ్యి కోసం మస్తు తిరుగుతున్న."

చిన్నాయన నా వెనకే ఉన్నాడు. పక్కనే టీచరమ్మ. నోరు పెగల్లేదు. అబద్ధమెందుకు, నేనే పెగలనివ్వలేదు, నాకు ప్రైజు కావాలి! చిన్నాయన ఒకసారి నా ముఖం చూశాడు.

"అవ్ సార్, మా బిడ్డనే జేసింది. నేను ఉత్తగ సూస్కుంట కూసున్న" అన్నాడు.

మొదటి బహుమతి నాకే వచ్చింది. ఇంటికి వెళ్తుంటే తిడతాడేమోనని ఎదురుచూశాను. "జర నీళ్ళు తాగు బిడ్డా, ఎండ మస్తుగుంది" అన్నాడు, అంతే. మరునాడైనా వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు మీరు. ప్రైజు వాపసు తీసుకుంటారేమోనని నోరు మూసుకున్నాను. ఆ నెలలోనే చిన్నాయన చెంగిచెర్లలో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా కుదిరాడు. మళ్ళీ పెన్సిలు పట్టలేదు.

పోయేదాకా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇవాళ్టికీ ఎవరైనా నన్ను నిజం మాట్లాడే మనిషి అని మెచ్చుకుంటే, నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.