నోరెత్తని పిల్ల

పిల్లల ఆసుపత్రి గోడల మీద అంటించే ఆ రంగుల పట్టికలంటే నాకు ఒళ్లు మంట. రెండు నెలలకు నవ్వాలి, ఆరు నెలలకు కూర్చోవాలి, ఏడాదికి అడుగు వేయాలి, రెండేళ్లకు రెండు మాటలు కలపాలి. అన్నిటికన్నా కింద పదమూడేళ్ల పిల్ల బొమ్మ, దాని పక్కన 'స్వతంత్ర భావాలు' అని రాసి ఉంటుంది. అంటే తల్లిని చూసి మొహం తిప్పుకుంటుందని. దాన్ని కూడా ఎదుగుదల కింద రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన పిల్లల్ని పెంచింది కచ్చితంగా ఆయన భార్యే అయి ఉంటుంది.

దుబాయ్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా నా పని ఆ పట్టికతోనే. బరువు తూచడం, తల చుట్టుకొలత తీయడం, టీకా వేయడం, ఆ తర్వాత తల్లిని అడుగుతూ ఫారంలో 'అవును', 'కాదు' అని టిక్కులు పెట్టడం. తల్లులు ఎన్ని అబద్ధాలాడతారో నాకు తెలుసు. "మీ బాబు నడుస్తాడా?" అంటే "పరిగెడతాడు సిస్టర్" అంటారు. వాడేమో నా కాళ్ల దగ్గరే పాకుతూ ఉంటాడు. వాళ్లు అటు వెళ్లగానే నేను ఎంత నవ్వుకునేదాన్నో! ఆ నవ్వంతా తిరిగొచ్చి నాకే తగిలింది లెండి.

మా అమ్మాయి 2020లో, ఎవరినీ గడప దాటనివ్వని రోజుల్లో పుట్టింది. దానికి అయిదో నెల వచ్చాక కరామా పేటలో ఒక పాత బిల్డింగులో, మూడు గదుల ఫ్లాట్‌లో ఒక గదికి మారాం. ఆ ఫ్లాట్ మా జిల్లా నుంచే వచ్చిన ఒక సీనియర్ నర్సు పేరు మీద ఉంది. నేను ఆవిడను పెద్దక్క అంటాను, పిల్ల పెద్దమ్మ అనాలి. ఆవిడకు ఇరవై ఏళ్లుగా రాత్రి డ్యూటీలే. రాత్రి డ్యూటీ వాళ్లు పగలు పడుకునే ఫ్లాట్‌లో చంటిపిల్లలున్న వాళ్లకు గది ఇవ్వరు. ఈ నియమం ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. అప్పటికే నాలుగు చోట్ల పిల్లను చూడగానే తలుపేసుకున్నారు. అందుకే ఆవిడ నోరు తెరవకముందే నేనే అనేశాను.

"మా పిల్ల నోరెత్తదక్కా. అసలున్నట్టే తెలీదు."

ఆవిడ పిల్ల బుగ్గ గిల్లి, "సరేలే, యల్లా, కానివ్వండి, రేపే వచ్చేయండి" అంది.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. పొద్దున నేను క్లినిక్‌కు వెళితే పిల్ల దగ్గర మా ఆయన, మధ్యాహ్నం ఆయన మందుల షాపుకు వెళితే నేను. పెద్దక్క పడుకునేది సరిగ్గా ఆ వేళల్లోనే. స్టీలు గిన్నెలు తీసేసి ప్లాస్టిక్‌వి తెచ్చాను. గిలక్కాయను సూట్‌కేసులో పెట్టి జిప్పు వేశాను. పిల్ల 'తాతా, అత్తా' అనబోతే పెదాల మీద వేలు పెట్టి, "ష్! పెద్దమ్మ పడుకుంది" అనేదాన్ని. మాట వినకపోతే, "చప్పుడు చేస్తే పంపేస్తారు" అని బెదిరించేదాన్ని. పిల్ల ఊరుకునేది. ఏడుపు కూడా గొంతులోనే ఏడ్చేది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని ఇద్దరం మురిసిపోయేవాళ్లం. ఆ బుద్ధేదో మాకుంటే బాగుండేది.

రెండేళ్లొచ్చాయి. పిల్ల నడిచింది, మెట్లెక్కింది, చెంచాతో తింది. మాట మాత్రం లేదు. ఇక చూడండి సలహాలు! మా ప్రార్థన కూటం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరూ డాక్టరే. ఫోను చూపించడం వల్ల అని ఒకావిడ. మాస్కులేసుకుంటే పిల్లలకు నోళ్లు కనపడలేదు, కరోనా పిల్లలంతా ఇంతే అని ఇంకొకావిడ. మరో మహాతల్లి, "మా అమ్మాయైతే తొమ్మిదో నెలకే కీర్తన ఎత్తుకుందండీ" అని పెట్టింది. ఆ కీర్తన విన్నవాళ్లెవరో దేవుడికే తెలియాలి.

రెండేళ్ల చెకప్ మా క్లినిక్‌లోనే. తోటి నర్సు ఫారం నా చేతిలో పెట్టి, "నువ్వే నింపెయ్, నీకు నేను చెప్పాలా?" అంది. రెండు మాటలు కలిపి మాట్లాడుతుందా? నా పెన్ను ఆగింది. 'కాదు' అని పెడితే సాయంత్రానికల్లా క్లినిక్ అంతా తెలిసిపోతుంది. ఊళ్లో పిల్లలందరికీ వంకలు పెట్టే నర్సుకు సొంత పిల్ల సంగతి పట్టలేదా అంటారు. 'అవును' అని పెట్టేశాను. నేను నవ్విన తల్లులందరికన్నా పెద్ద అబద్ధం నాదే. ఆ ఒక్క టిక్కు పుణ్యమా అని ఏడాదిన్నర పాటు మా పిల్ల మాట గురించి ఎవరూ అడగలేదు.

మూడున్నరేళ్లకు కేజీలో చేర్చడానికి తీసుకెళ్లాం. టీచరు ఏమడిగినా పిల్ల పెదవి విప్పలేదు. మాటల డాక్టరుకు చూపించి రిపోర్టు తెస్తేనే సీటు సంగతి అన్నారు. చెవుడేమో, ఇంకేమైనా ఉందేమో, ఇక మాటే రాదేమో! ముందుగా తెచ్చిన పిల్లలకు ఎంత మేలు జరుగుతుందో నాకు తెలుసు. ఆలస్యం చేసిన తల్లుల్ని "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా?" అని కసిరింది కూడా నేనే.

చెవుల పరీక్ష బాగానే వచ్చింది. తర్వాత మాటల డాక్టరు. ఆవిడ మలయాళీ, తెలుగు రాదు, మాతో హిందీలో మాట్లాడింది. పిల్లను నేల మీద కూర్చోబెట్టి చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కావాలనే తోసేసింది. గది దద్దరిల్లింది. పిల్ల ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. లేచి డాక్టరు దగ్గరికెళ్లి, ఆవిడ పెదాల మీద తన వేలు పెట్టి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"ష్! పెద్దమ్మ పడుకుంది. చప్పుడు చేస్తే మనల్ని పంపేస్తారు."

రెండు మాటలు కాదు, రెండు వాక్యాలు! ఇంట్లో అది తన బొమ్మ చెవి దగ్గర పెదాలు కదపడం నేను వందసార్లు చూశాను. ముద్దు పెడుతోందనుకున్నాను.

"క్యా బోలీ?" అని డాక్టరు నన్నడిగింది. ఎందరో తల్లుల మాటలు డాక్టర్లకు హిందీలోకి మార్చి చెప్పిన నేను, ఆ రెండు వాక్యాలు మాత్రం మా ఆయనకు వదిలేశాను. ఆయనే చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి పెద్దక్క అప్పుడే లేచి టీ పెట్టుకుంటోంది. ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ స్టవ్ కట్టేసి నా మీద విరుచుకుపడింది.

"నేను చెవుల్లో దూది కుక్కుకుని పడుకుంటానే! కింద బస్సుల మోతకి ఇరవై ఏళ్ల నించీ అదే అలవాటు. నీ పిల్ల గుక్క పట్టి ఏడ్చినా నాకినపడదు. నా పేరు చెప్పి దాని నోరు కుట్టేశావా?"

"మీరెప్పుడూ చెప్పలేదక్కా."

"నువ్వెప్పుడన్నా అడిగావా? ఖలాస్, ఈ రోజుతో ఆ ష్ గిష్ బంద్!"

ఆవిడ తన అలమారా తెరిచి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని గరిటె చేతికిచ్చింది. "కొట్టవే బంగారం. గట్టిగా కొట్టు, పెద్దమ్మ లేచే ఉందిగా."

పిల్ల నా వైపు చూసింది. "కొట్టమ్మా" అన్నాను. నా నోట కూడా గుసగుసే వచ్చింది.

పిల్ల గరిటె ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. వెంటనే రెండో చేయి పళ్లెం మీద వేసి, మోగకుండా అదిమి పట్టుకుంది.