రిజెక్టమ్మ చూసొచ్చిన హోము

ఆ రోజు పొద్దున రిజెక్టమ్మ తన స్వెట్టరు గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు క్వాలిటీ చెకింగు చేసి, గుండీ కాస్త పక్కకి జరిగినా చొక్కాని రిజెక్టు బుట్టలోకి విసిరేసి ఆ పేరు తెచ్చుకున్న మనిషి, అద్దం చూసుకునే తీరిక లేక అలాగే కారెక్కింది. తీరిక లేకుండా చేసిన మనిషి పక్కనే కూర్చుని ఉంది. అక్క. పౌడరు రాసుకుని, మడత నలగని బట్టల్లో, ఏనాడో ఆగిపోయిన చేతి గడియారం పెట్టుకుని, చుట్టపు చూపుకి బయల్దేరినట్టు ఉంది.

అక్క పెద్ద హోటల్లో రిసెప్షనిస్టుగా చేసి రిటైరైంది. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. చెల్లెలి పేరు కూడా రోజు విడిచి రోజు గుర్తుంటుంది. మర్యాద మాత్రం పిసరంత చెరగలేదు. ఎవరు కనబడినా నవ్వుతుంది, ప్రయాణం బాగా జరిగిందా అంటుంది, వాళ్ళ చేతిలో బ్యాగు ఉంటే తీసుకుని భద్రం చేస్తుంది. మొన్న గ్యాసు తిప్పి వెలిగించడం మరిచిపోయి, డ్యూటీకి టైమైందని వీధిలోకి నడిచింది. రిజెక్టమ్మ కుంటుకుంటూ వెంటపడి పట్టుకొచ్చింది. ఆ కుంటే మోకాలికే డాక్టరు ఆపరేషను తేదీ ఇచ్చాడు. ఆ లోపు అక్కకో వృద్ధుల హోము చూడాలి. అక్క పెళ్ళి చేసుకోలేదు. రిజెక్టమ్మ చేసుకుంది కానీ, మూడేళ్ళకి మొగుణ్ణి కూడా రిజెక్టు బుట్టలోకి విసిరేసిందని ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఇద్దరికీ కలిపి మిగిలింది తమ్ముడి కొడుకు, వాడి కారు.

"ఫోటోలు చూశాను చిన్నత్తా, ఫైవ్‌స్టార్ లాగా ఉంది," అన్నాడు వాడు.

"చొక్కా ఫోటో చూసి ఎవడైనా పాస్ చేస్తాడట్రా?"

"దేవుడొచ్చి ఎదురుగా నిలబడ్డా నీకేదో లోపం కనబడుతుందిలే."

"నిలబడమను, చూద్దాం."

వాడు ఇద్దరినీ గుమ్మం దగ్గర దించి, కారు పెట్టే జాగా వెతుక్కుంటూ వెళ్ళాడు. అద్దాల తలుపు తెరుచుకోగానే పూల వాసన గుప్పుమంది. పూలెక్కడా లేవు. గోడకున్న చిన్న డబ్బా ఒకటి ఉండుండి వాసన చిమ్ముతోంది. టై కట్టుకున్న మేనేజరు ఎదురొచ్చాడు. అతను నోరు విప్పేలోపే అక్క ముందుకెళ్ళింది.

"రండి రండి. ప్రయాణం బాగా జరిగిందా?"

మేనేజరు తబ్బిబ్బై, ఆనక మురిసిపోయి, అక్కకి కుర్చీ లాగాడు. అక్క కూర్చుంటూ చెల్లెలి చేతిసంచి కూడా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఫోను అందులోనే ఉంది. ఇక అతనికి కనబడిన రెండో మనిషి: రేగిన జుట్టు, కుంటి నడక, వంకర గుండీలు.

"కబుర్లు తర్వాత. ముందు బాత్రూములు చూపించండి," అంది రిజెక్టమ్మ.

మేనేజరు ఆమె వైపు చూడలేదు. అక్క వైపు జాలిగా చూశాడు. "పర్వాలేదు మేడం. మొదట్లో అందరూ ఇలాగే చిరాకుపడతారు."

"అవునండీ, పాపం దూరం నుంచి వచ్చారు," అంది అక్క.

మేనేజరు కనుసైగ చేశాడు. ఒక ఆయా వచ్చి రిజెక్టమ్మ మోచెయ్యి పట్టుకుంది. "రా అమ్మమ్మా, బాత్రూమే కదా, చూద్దువుగాని రా."

పిలుపు నచ్చకపోయినా, చూపిస్తామంటున్నారు కదా అని వెళ్ళింది. ఆయా ఏవో అంకెలు నొక్కి తలుపు తెరిచింది. అది వెనకాల టక్కున పడింది. లోపలి వైపు పిడి లేదు.

పూల వాసన ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇవతల ఉన్నది ఫినాయిలు, దాని కింద నిలవ ఉచ్చ కంపు, రెంటి మధ్యా ఉడికిన క్యాబేజీ. ముసలివాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి, లేవకుండా ముందు పలకలు బిగించారు. రిజెక్టమ్మనీ ఒక ఖాళీ కుర్చీలో కూలేసి పలక బిగించారు. గిన్నె ఒకటే, చెంచా ఒకటే, నోళ్ళు నాలుగు. తినిపించే ఆయా చూపు ఫోను మీద ఉంది. గడ్డం మీద కారినదాన్ని చెంచాతో గీకి, అదే చెంచా పక్క నోట్లో పెడుతోంది. ఒకరి మెడలోంచి తీసిన గుడ్డ ఇంకొకరి మెడకి కడుతోంది. అలా అది రిజెక్టమ్మ మెడ దాకా వచ్చింది. ఆమె అలవాటు కొద్దీ దాన్ని తిరగేసింది. ముందు వైపున్నది ఇవాళ్టి తిండి. వెనక వైపున్నది నిన్నటిది. అంచు కుట్టులో అట్టకట్టినది ఎప్పటిదో.

"ఇదిగో అమ్మాయ్, నేను పేషెంటుని కాదు. మా అక్క పేషెంటు."

"అవును బంగారం. ఇక్కడ అందరికీ వాళ్ళ అక్కలే పేషెంట్లు. నోరు తెరు."

"నేను ఈ చోటు ఎలా ఉందో చూసి పోదామని వచ్చాను."

"ఆ మూలనున్న తాత జడ్జిగారు. పక్కావిడ ఈ బిల్డింగు ఓనరు. నువ్వూ తీరిగ్గా చూద్దువుగాని, ముందీ ముద్ద మింగు."

ఇద్దరు ఆయాలూ నవ్వుకున్నారు.

"బాత్రూముకి వెళ్ళాలి."

"భోజనాలయ్యాక."

"ఇప్పుడు వెళ్ళాలి."

"అందులోనే పోసెయ్. పొద్దున డైపర్ వేశారుగా."

"నాకెవరూ ఏమీ వెయ్యలేదు."

"అయితే వేస్తాంలే."

రిజెక్టమ్మకి ఒళ్ళు మండి లేవబోయింది. పలక మోకాలికి కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి. గొంతెత్తబోతుంటే, పక్క కుర్చీలో చొక్కా చేతులు తడిసి ఉన్న ముసలాయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"అరవకండి. అరిస్తే మాత్ర మింగిస్తారు. ఇక రెండు రోజులు లేవరు."

"మీకెలా తెలుసు?"

"నేనూ మొదట్లో అరిచేవాణ్ణి." తర్వాత అదే గొంతుతో అడిగాడు. "మా ఆవిడ బండి ఇంకా రాలేదా?"

"రాలేదండీ."

రిజెక్టమ్మ కూర్చుంది. జీవితంలో దేన్నీ తిరగేయకుండా ఒప్పుకోని మనిషి, నోరు తెరిచి, నలుగురి ఎంగిలి తగిలిన చెంచాతో పెట్టింది మింగింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. మేనేజరు, వెనకాల తమ్ముడి కొడుకు, ఆ వెనకాల రెండు సంచులతో అక్క. ఆయా చటుక్కున మెడలో గుడ్డ లాగేసి, "మేడం" అంది.

"క్షమించాలి మేడం, చిన్న పొరపాటు," మేనేజరు చేతులు నలుపుకున్నాడు. "మీరని తెలియక..."

"తెలిస్తే?"

"అయ్యో, మీరని తెలిస్తే ఇలా ఎందుకు చేస్తాం మేడం."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. దగ్గరుండి విజిటర్ల బాత్రూముకి తీసుకెళ్ళాడు. తెల్లటి టైల్సు, కొత్త సబ్బు, మడతపెట్టిన తువ్వాళ్ళు. రిజెక్టమ్మ నోరు పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది.

కార్లో తమ్ముడి కొడుక్కి నవ్వాగలేదు. "నేనొచ్చేసరికి పెద్దత్త టీ తాగుతోంది. చిన్నత్తేదీ అంటే, ఆవిడకి రూమిచ్చేశాం అంది. మేనేజరు తల కూడా ఊపాడు." అద్దంలో చిన్నత్త మొహం చూసి నవ్వు మింగాడు. "నేను బాగానే ఉన్నానని చెప్పాల్సింది కదా అత్తా."

"చెప్పాను. ఎలా చెప్తే నమ్ముతారో నువ్వు చెప్పరా."



"మంచి హోటలు," అంది అక్క. "స్టాఫు మర్యాదస్తులు."

"ఇంకా రెండు చోట్లున్నాయి. పోనీ, ఆపరేషను వాయిదా వేయిద్దామా?" అన్నాడు తమ్ముడి కొడుకు.

"వద్దు. రేపు నేనే పేషెంటునని చెప్పు. నన్ను లోపల వదిలేసి, నువ్వూ అక్కా ఆఫీసులో టీ తాగండి."

"మళ్ళీ వెళ్తావా ఆ కంపులోకి?"

"ఫోను సాక్సులో పెట్టుకుంటాను. నీది మోగితే వచ్చి తీసుకుపో."

మర్నాడు గుండీలు కావాలనే తప్పించి పెట్టుకుంది. రెండో చోట టీ చల్లారకముందే ఫోను మోగింది. బయటికొచ్చి, లోపల కొందరి మణికట్లు తువ్వాళ్ళతో కుర్చీకి కట్టేసి ఉన్నాయని మాత్రం చెప్పి, కారు ఆపించి రోడ్డు పక్కన కక్కుకుంది.

మూడో చోట పూల వాసన లేదు. గోడల రంగు పెచ్చులూడుతోంది. "బాత్రూముకి వెళ్ళాలి," అనగానే ఆయా తినిపిస్తున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని లేచింది. తిరిగొచ్చాక రిజెక్టమ్మ మెడ గుడ్డ తిరగేసి చూసింది. మరకలున్నాయి కానీ ఉతికి ఉతికి వెలిసిపోయినవి. "పర్వాలేదు," అంది. ఫ్యాక్టరీలో ఆమె నోటి వెంట ఇంతకంటే పెద్ద మాట ఎవరూ వినలేదు.

అక్కకి మాత్రం నచ్చలేదు. "ఇదేం హోటలే, గోడలకి రంగన్నా వేయించలేదు," అని మొహం ముడుచుకుంది. అంతలో ఆయా కనబడితే నవ్వింది. "ప్రయాణం బాగా జరిగిందా?"

"బాగానే జరిగిందమ్మా," అంది ఆయా. "ఇవాళ బస్సులో సీటు కూడా దొరికింది."

అక్క బుధవారం అక్కడికి వెళ్తుంది. రిజెక్టమ్మ మోకాలి ఆపరేషను గురువారం.